ఎఫెక్ట్స్ మాస్టర్ కుడి కాలు

పనికి వెళ్ళొచ్చా అని అడిగిన మనిషికి, ఆ పనేమిటో కనుక్కోకుండానే వెళ్ళమని చెప్పాను. ఉద్యోగంలో నేను చేసిన తప్పు ఇదొక్కటే కాదు. కానీ ఒక మనిషి కాలివేళ్ళు పోయింది మాత్రం దీనివల్లే. ఆ తర్వాత డాక్టరుగారు నిలదీసినప్పుడు, నడవొద్దని చెప్పానండీ అని అబద్ధం కూడా ఆడాను. రెండోది మొదటిదానికంటే పెద్ద తప్పని నాకు వెంటనే తెలిసింది. ఒప్పుకోవడానికే కొన్ని రోజులు పట్టింది.

ఇప్పుడు డ్రెస్సింగ్ గదుల్లో పనిచేస్తున్న మీలో చాలామందికి జెల్ కొత్త కాదు. ట్యూబు మూత తిప్పడం, షుగర్ పుండు మీద పరచడం, కట్టు కట్టడం మీకు అలవాటైన పని. మాకు అది తొంభైల నడుమ మొదటిసారి చేతికొచ్చింది. అప్పుడు నేను జూబ్లీహిల్స్‌లో ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రిలో మేల్ నర్సుని. వెంగళరావు నగర్‌లో ఒక ఇంటి వెనకవైపు రెండు గదుల్లో అద్దెకుండేవాణ్ణి. పొద్దున్నే సైకిల్ తొక్కి, ఎత్తు వచ్చినచోట దిగి తోసుకుంటూ వెళ్ళేవాణ్ణి. దారి పొడుగునా ఎవరో ఒకరు బండలు పగలగొట్టించి ఇల్లు కట్టిస్తూనే ఉండేవారు. సినిమావాళ్ళు ఒక్కొక్కరుగా మద్రాసు వదిలి వచ్చేస్తున్న రోజులు.

మాకు చదువులో చెప్పింది ఒకటే: పుండు ఎండాలి. స్పిరిట్, పౌడరు, పొడి గాజుగుడ్డ. మర్నాడు ఆ గుడ్డ ఊడదీస్తే దాంతోపాటు కొత్తగా వచ్చిన చర్మమూ లేచొచ్చేది. రక్తం కనబడితే పుండు శుభ్రంగా ఉందని సంతోషించేవాళ్ళం. విదేశంలో పనిచేసి వచ్చిన మా సర్జన్‌గారు అదంతా మాన్పించారు. “ఎండిపోయిన చోట కొత్త చర్మం పాకలేదయ్యా. దానికి తడి దారి కావాలి” అని చెప్పి, ఒక ట్యూబు నా చేతిలో పెట్టారు. లోపల ఉన్నది నానిన సబ్జా గింజల చుట్టూ ఉండే జిగురులా ఉంది. రంగు లేదు, వాసన లేదు, చల్లగా ఉంది. మా పెద్ద సిస్టరు అది చూసి, బ్రెడ్డుకి జామ్ పూసినట్టు పుండుకి పూయడమేంటయ్యా అని నవ్వింది. ఆవిడది మా వైపే, బందరు దగ్గర పల్లె. ఎవరినైనా ఒక్క మాటతో కూర్చోబెట్టగలదు.

కానీ జెల్ పనిచేసింది. తోలులా నల్లగా బిగుసుకుపోయిన చచ్చిన కండ రెండు మూడు కట్లకే మెత్తబడి, పట్టకారుతో పట్టుకుంటే ఊడి వచ్చేసేది. అడుగున ఎర్రటి కండ కనిపించేది. చీము పట్టిన పుండుకి మాత్రం ముందు వేరే వైద్యం చెయ్యాలని, తర్వాతే జెల్ అని డాక్టరుగారు గట్టిగా చెప్పారు. ఇంకో మాట అంతకన్నా గట్టిగా చెప్పారు. పుండు పాదం అడుగున ఉంటే ఆ కాలు నేల మీద ఆననే కూడదు. షుగర్‌తో స్పర్శ పోయినవాళ్ళకు నొప్పి తెలియదు కాబట్టి వాళ్ళంతట వాళ్ళు ఆగరు. ఆ మాట ప్రతి పేషెంటుకీ చెప్పే బాధ్యత నాకు అప్పగించారు.

ఆ రోజుల్లోనే బోరబండ నుంచి ఒకాయన వచ్చాడు. యాభైకి దగ్గర్లో ఉంటాడు, సన్నటి మనిషి, చాలా ఏళ్ళుగా షుగర్. కుడి పాదం అడుగున, బొటనవేలి కింద, ముట్టుకుంటే గట్టిగా తగిలే పుండు. మేకు గుచ్చుకుందట. ఎప్పుడు గుచ్చుకుందో తెలియదట. చెప్పు తడిగా ఉందేమిటని చూసుకుంటే రక్తమట. ఆ కథ ఆయన నవ్వుతూ చెప్పాడు. ఏం చేస్తుంటారని నేను అడగలేదు. తనే చెప్పాడు, “రికార్డింగ్ థియేటర్ల పని సార్” అని.

నేనెందుకు అడగలేదో చెప్పాలి. మా ఆసుపత్రిలో ఒక అలవాటు ఉండేది. అంతకు కొన్నాళ్ళ ముందు ఒక నటుణ్ణి, కౌంటరులో కొత్తగా చేరిన అమ్మాయి మీరేం చేస్తుంటారండీ అని అడిగింది. ఆయన చీటీ కూడా తీసుకోకుండా వెళ్ళిపోయాడు. అప్పట్నుంచీ మేనేజరు మా అందరికీ ఒకటే చెప్పేవాడు: సినిమావాళ్ళని పనేమిటని అడగొద్దు, గుర్తుపట్టలేదని అవమానపడతారు. మేం ఎంత అలవాటు పడ్డామంటే, సినిమా అనే మాట వినబడగానే తలూపి, ఆ పైన అంతా తెలిసినట్టే మాట్లాడేవాళ్ళం. రికార్డింగ్ థియేటర్ అనగానే నాకు చల్లటి గది, కుర్చీ, చెవులకు హెడ్‌ఫోన్లు కనిపించాయి. అందులో ఆయన్ని కూర్చోబెట్టేశాను.

ఆ నెలంతా ఆయన పని లేకుండా ఇంట్లోనే ఉన్నాడు. రోజు విడిచి రోజు భార్య ఆటోలో తీసుకొచ్చేది. ఆయన కాలు నా ఒళ్ళో పెట్టుకుని సెలైన్‌తో కడిగి జెల్ పరిచేవాణ్ణి. పుండు అంచుల నుంచి లేత గులాబీ రంగు చర్మం లోపలికి వస్తుంటే ఆయనకన్నా నేనే ఎక్కువ మురిసిపోయాను. ఇతర పేషెంట్లను పిలిచి చూపించేవాణ్ణి. నడవొద్దని మాత్రం ఒక్కసారీ చెప్పలేదు. ఎలాగూ ఇంట్లో మంచం మీదే ఉంటున్నాడు కదా అనుకున్నాను.

నెల కావొస్తుండగా ఒక రోజు మా ఆసుపత్రికి ఒక హీరోయిన్ వచ్చింది. షూటింగ్‌లో గాజు గుచ్చుకుని చెయ్యి చిన్నగా తెగింది. వరండా నిండిపోయింది. ట్రే నువ్వే పట్టుకురా అని సర్జన్‌గారు నాకు కబురు పంపారు. నేను డ్రెస్సింగ్ గదిలో ఈయన కట్టు చివర ప్లాస్టరు అంటిస్తున్నాను. అప్పుడు ఆయన అడిగాడు.

“సార్, ఒక పిక్చర్ ఒచ్చింది. నేను పోకుంటే ఇంకో మనిషిని పిలుస్తరేమో అని భయమైతంది. పోవచ్చునా పనికి?”

నేను అప్పటికే లేచాను. గుమ్మంలో పెద్ద సిస్టరు నన్ను తొందరపెడుతూ నిలబడి ఉంది.

“ఏసీ గదిలో పనేగా, వెళ్ళండి వెళ్ళండి” అన్నాను.

ఆ హీరోయిన్ చేతికి నేను చేసిందేమీ లేదు. ట్రే పట్టుకున్నాను. ఆవిడ నా వైపు చూడనైనా లేదు. ఆ సాయంత్రం మా కాలనీలో మాత్రం ఆ ట్రే కథ అందరికీ చెప్పాను.

బోరబండ ఆయన తర్వాతి కట్టుకి రాలేదు. ఆ తర్వాతదానికీ రాలేదు. వారం దాటాక భార్య భుజం మీద చెయ్యి వేసుకుని, జ్వరంతో వణుకుతూ వచ్చాడు. కట్టు విప్పకముందే గదిలో వాసన తెలిసింది. పాదం వాచిపోయి మెరుస్తోంది. పుండులో, జెల్ మిగిలినచోట, సన్నటి ఇసుకరేణువులు అంటుకుని ఉన్నాయి. గాజుగుడ్డతో తుడుస్తుంటే గరగరమన్నాయి. ఏసీ గదిలో ఇసుక ఎక్కడిదో నాకు అర్థం కాలేదు.

సర్జన్‌గారు వంగి పుండు చూశారు. తర్వాత నా వైపు తిరిగి, ఈ కాలు నేల మీద పెట్టొద్దని చెప్పావా లేదా అని అడిగారు. గొంతు పెంచలేదు.

“చెప్పానండీ” అన్నాను.

ఆ మాట నా నోటి నుంచి ఎంత సులువుగా వచ్చిందో ఇప్పటికీ గుర్తుంది. భార్య నా ముఖం చూసింది. ఆవిడకు తెలుసు, కట్టు కట్టిన ప్రతిసారీ గదిలోనే ఉండేది. నోరు తెరవబోయింది. ఆయన జ్వరంలోనే ఆమె చెయ్యి నొక్కాడు.

“చెప్పిండు సార్. నేనే ఇనలే” అన్నాడు.

మర్నాడు బొటనవేలు, పక్కవేలు తీసేశారు. పాదం నిలబడింది. ఇంకో నాలుగు రోజులు ఆలస్యమై ఉంటే పాదమూ ఉండేది కాదని డాక్టరుగారు అన్నారు.

పెద్ద సిస్టరు ఆ తర్వాత రెండు రోజులు నాతో పని మాటలు తప్ప మాట్లాడలేదు. మూడో రోజు స్టోర్‌లో గాజుగుడ్డలు మడతపెడుతుండగా పక్కన కూర్చుని, తలెత్తకుండానే అడిగింది. “ఆయనకి చెప్పానన్నావు. ఎప్పుడు చెప్పావయ్యా? ఆ రోజు గుమ్మంలో నేనున్నాగా.” నేను ఇంకో గుడ్డ చేతిలోకి తీసుకున్నాను. ఆవిడ మడతపెట్టిన గుడ్డలు లెక్కగా పేర్చి, లేచి వెళ్ళిపోయింది.

అప్పుడు వార్డులోకి వెళ్ళి ఆయన మంచం దగ్గర కూర్చున్నాను. ఎందుకలా చెప్పారని అడిగాను. ఆయన కిటికీలోంచి బండలకేసి చూస్తూ మెల్లగా మాట్లాడాడు.

“నా వేళ్ళు ఎట్లైన పాయె. నీ నౌకరీ గూడ పోతే నాకు మల్ల మొలుస్తయా? నెల దినాలు నా కాలు ఒళ్ళె పెట్టుకొని కడిగినవ్. మా ఇంటోళ్ళు గూడ గంత చెయ్యలే.”

ఆయన క్షమించినట్టు మాట్లాడాడు. నాకు తిట్టినట్టు వినిపించింది. మేనేజరు మాట పక్కనపెట్టి, ఇన్నాళ్ళకు అడిగాను. “ఇంతకీ మీరు చేసే పనేంటండీ?”

చెప్పడానికి బదులు ఆయన మంచం పక్కనున్న ఇనుప కడ్డీ మీద వేళ్ళతో తట్టాడు. గుర్రం పరుగెత్తుతూ వచ్చి ఆగింది. తర్వాత దుప్పటి మీద అరచేత్తో రెండుసార్లు రాశాడు, ఎవరో పట్టుచీర కట్టుకుని పక్కనుంచి వెళ్ళినట్టుంది. పక్క మంచం పేషెంటు తల తిప్పి చూశాడు కూడా. సినిమాలో మాటలు వేరేగా డబ్బింగ్ చెప్పినట్టే, అడుగుల చప్పుడూ వేరేగా రికార్డు చేస్తారని అప్పుడు తెలిసింది. తెర మీద హీరో నడుస్తుంటే, చీకటి గదిలో మైకు ముందు ఈయన నడుస్తాడు. కంకర మీద, ఇసుకలో, ఎండుటాకుల మీద, చెక్క మెట్ల మీద. హీరోకి, విలన్‌కి, పోలీసులకి, పెళ్ళికూతురికి, అందరికీ నడిచేది ఈ కాళ్ళే. మద్రాసు నుంచి వచ్చిన ఒక మాస్టర్ దగ్గర నేర్చుకున్నాడట. ఇప్పుడు ఇక్కడ అందరూ ఈయన్ని ఎఫెక్ట్స్ మాస్టర్ అంటారు.

నేను వెళ్ళమన్న ఆ వారం ఆయన చేసింది అదే. కట్టు ఉంటే అడుగు మెత్తగా వినిపిస్తోందని సౌండ్ ఇంజనీరు ఒప్పుకోలేదు. అందుకని థియేటర్‌లో కట్టు విప్పేసి, ఇసుకలో, కంకరలో ఉత్త కాళ్ళతో పొద్దుటినుంచి సాయంత్రం దాకా నడిచాడు. ఇంటికెళ్ళేముందు మళ్ళీ అదే కట్టు కట్టుకున్నాడు. నొప్పి లేదు. డ్రెస్సింగ్ చేసే మనిషి వెళ్ళమన్నాడు. ఇంకేం కావాలి ఆయనకు?

ఆ సినిమా ఇంకా సగమే అయింది. ఇంకో రెండు నెలల్లో విడుదల. మిగతా రీళ్ళు పూర్తి చెయ్యకపోతే మద్రాసు నుంచి వేరే మనిషిని పిలిపిస్తామని థియేటర్ నుంచి కబురొచ్చిందట. ఒకసారి వేరే మనిషి వచ్చి కుదురుకుంటే ఇంక తనని పిలవరని, ఆయన మామూలుగానే చెప్పాడు. ఆయన భార్య మాత్రం ముఖం గోడవైపు తిప్పుకుంది.

అదే రోజు సర్జన్‌గారి గదికి వెళ్ళి నిజం చెప్పాను. ఉద్యోగం పోతుందనుకున్నాను. ఆయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. నెల రోజులు కట్టిన కట్టు ఒక్క మాటతో పోగొట్టావు, దానికంటే తప్పు ఆ మనిషి మీదికి నెట్టడం నాకు నచ్చలేదు అన్నారు. అద్దాలు మళ్ళీ పెట్టుకుంటూ, ఆయన పనేమిటని నేనూ అడగలేదులే అన్నారు. నన్ను డ్రెస్సింగ్ గదిలోంచి తీసేసి, ఆపరేషన్ సామాను ఉడకబెట్టే గదిలో వేశారు. చాలా నెలలు అక్కడే ఉన్నాను. కానీ ఆ ఒక్కాయన కట్టు మాత్రం నువ్వే కట్టు, మానేదాకా నీ బాధ్యత అన్నారు.

మాస్టర్ ఆసుపత్రి నుంచి ఇంటికెళ్ళాక, చీము తగ్గి జెల్ మళ్ళీ మొదలుపెట్టాక, డ్యూటీ దిగి రోజు విడిచి రోజు బోరబండ వెళ్ళేవాణ్ణి. మొదటిరోజు ఆయన భార్య నాకు మంచినీళ్ళు ఇచ్చి లోపలికి వెళ్ళిపోయింది. తర్వాత ఎప్పుడో టీ ఇచ్చింది. అప్పుడే ఆమెకు చేతులు జోడించి, అక్కా, ఆ రోజు నేను అబద్ధం చెప్పాను అన్నాను. “నాకెర్కనే” అంది. “టీ సల్లగైతది, తాగు.”

సినిమా సంగతి అలాగే ఉంది. ఒక రోజు కట్టు కడుతూ అడిగాను, మీరు కూర్చుని చెబితే ఇంకొకరు నడవకూడదా అని. నడవొచ్చు, కానీ మైకు ముందు నడవడానికి ఎవరు దొరుకుతరు అన్నాడు. నేను దొరుకుతానన్నాను. ఆయన నా పాదాలకేసి చూసి పెద్దగా నవ్వాడు. ఇంజనీరుని ఆయనే బతిమాలి ఒప్పించాడు.

అలా వరుసగా ఆదివారాలు ఫిల్మ్‌నగర్‌లో ఆ థియేటర్‌కి వెళ్ళాం. ఆటోలోంచి ఆయన్ని ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టి, కుడి కాలు ఇంకో కుర్చీ మీద దిండేసి పెట్టేవాణ్ణి. గచ్చు మీద చెక్క పలకలు, ఇసుక పరిచిన పెట్టె, కంకర పెట్టె, ఎండుటాకుల బస్తా, ఓ మూల గుట్టగా చెప్పులూ బూట్లూ. తెర మీద బొమ్మ కదులుతుంటే దాన్ని చూస్తూ ఉన్నచోటే అడుగులెయ్యాలి.

మొదటి ఆదివారం ఒక్క అడుగూ పనికిరాలేదు. ఇంజనీరు అద్దం అవతలనుంచి తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు. మాస్టర్ కుర్చీలో వాలి, అయోమయంగా చూశాడు.

“ఏంది సార్ గిది? నువ్వు నడుస్తున్నవ్, కనబడ్తంది. ఇనబడ్తలే.”

నిజమే. శిక్షణలో మాకు మొదట నేర్పింది చప్పుడు కాకుండా నడవడం. పేషెంట్లు నిద్రలేవకూడదు. పదేళ్ళుగా వార్డుల్లో మడమ ఆననివ్వకుండా తిరిగిన కాళ్ళు అవి. ఇప్పుడు వాటికి చప్పుడు చెయ్యడం నేర్పాల్సి వచ్చింది. మాస్టర్‌కి ఓపిక చాలా ఉంది, నోరు కూడా. పోలీసు నడకలో నేను దొంగలా ఉన్నానన్నాడు. పెళ్ళికూతురికి నా కాళ్ళకి గజ్జెలు కట్టించి, గింత భయపడితే పెండ్లికొడుకు పారిపోతడు అన్నాడు. ఒక్కో చోట తను కుర్చీలోనే ఉండి, చేతులకు చెప్పులు తొడుక్కుని పలక మీద కొట్టి చూపించేవాడు. కొన్ని చోట్ల ఆ చేతుల నడకనే ఇంజనీరు తీసుకున్నాడు. చేతులతో కూడా చెయ్యొచ్చని మాస్టర్‌కి ధైర్యం వచ్చింది అక్కడే. తర్వాత చాలా ఏళ్ళు ఆయన పని అలాగే సాగింది.

నేను మళ్ళీ డ్రెస్సింగ్ గదిలోకి వచ్చాక ఒకటి అలవాటు చేసుకున్నాను, రిటైరయ్యేదాకా మానలేదు. కట్టు విప్పేముందు, మీరేం పని చేస్తారు, చేసేటప్పుడు ఎలా నిలబడతారో ఒకసారి చూపించండి అని అడిగేవాణ్ణి. కొందరు సినిమావాళ్ళకి కోపం వచ్చింది. మేనేజరుకి ఇంకా ఎక్కువ వచ్చింది. ఆ ప్రశ్న మీరూ అడగండి. జెల్ ఎంత మంచిదైనా అది ఆ మనిషితో పాటు పనికి వెళ్తుంది.

చివరి ఆదివారం చివరి రీలు మిగిలింది. మాస్టర్ కాలు చెడినప్పుడు సగంలో ఆగిపోయిన రీలు అదే. కథలో ఒక ముసలాయన చాలాకాలం తర్వాత కొడుకు ఇంటికి, కంకర పరిచిన బాటలో ఉత్త కాళ్ళతో నడిచి వస్తాడు. ఇది చేతులతో కుదరదన్నాడు మాస్టర్. కంకర పెట్టె మైకు ముందుకు లాగారు. ఆయన నడిచిన పెట్టె అదే. నేను చెప్పులు విడిచి ఎక్కాను.

తెర మీద ముసలాయన కదిలాడు. నేనూ కదిలాను. మొదటి అడుగుకే రాయి గుచ్చుకుంది. రెండో అడుగు వెయ్యడానికి కాలు వెనకాడింది. ఆపుతారనుకున్నాను, ఎవరూ ఆపలేదు. పాదం ఎక్కడ పెట్టినా ఒక్కో రాయీ విడివిడిగా తెలుస్తోంది. పళ్ళు బిగపట్టి, తెర మీద ముసలాయన తలుపు చేరేదాకా పెట్టెలోనే అడుగులేశాను. లైటు వెలిగాక ఇంజనీరు అద్దం అవతల బొటనవేలు పైకెత్తాడు.

మాస్టర్ కుర్చీలోంచి ముందుకు వంగి నా పాదాలు చూస్తున్నాడు. అంతవరకూ సార్ అని పిలిచిన మనిషి, ఆ రోజు మొదటిసారి వేరేగా పిలిచాడు.

“తమ్మీ, రాళ్ళు గుచ్చుకున్నయా?”

“బాగా గుచ్చుకున్నాయన్నా.”

“మంచిది” అన్నాడు. “గుచ్చుకోవాలె.”

పెట్టెలోంచి దిగాను. చేతులు సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుని వచ్చి, ఆయన ఎదురుగా నేల మీద కూర్చున్నాను. మూడు వేళ్ళ ఆ కాలు ఒళ్ళోకి తీసుకుని, పాత కట్టు విప్పి, సెలైన్‌తో కడిగి, జెల్ ట్యూబు మూత తిప్పాను.